అటక మీది మూడు దఫ్తరాలు

మొన్న పత్రికా రచన నేర్చుకుంటున్న విద్యార్థులు నన్ను మాట్లాడమని పిలిచారు. కరపత్రంలో అంశం ఇలా ఉంది: ‘చరిత్ర మలుపులు: కల్లోల కాలంలో సమాజం నేర్చుకోవలసిన పాఠాలు’. దీనికి నాకు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. అందులో పరిచయం, దండ, శాలువా కలిపి పన్నెండు నిమిషాలు పోయాయి. మిగిలిన ఎనిమిది నిమిషాల్లో నేను ఒక నిచ్చెన గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఒకాయన మైకు అందుకుని భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించాడు. మిగతా సగం ఎవరూ అడగలేదు. అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

అనంతపురం జిల్లాలో, కన్నడం కూడా సగం వినబడే ఒక తాలూకా కేంద్రంలో నేను ఇరవై ఆరేళ్లు విలేకరిగా పనిచేశాను. ఇప్పటి పిల్లలు జరుగుతున్నది జరుగుతున్నట్టే ఫోన్లో పంపేస్తున్నారు. మాకు బస్సు ఉండేది. మధ్యాహ్నం మూడూ నలభైకి అనంతపురం బస్సు. వార్తలు రాసిన కాగితాలు కవర్లో పెట్టి కండక్టరు చేతికి ఇవ్వాలి. అది రాత్రికి డెస్కుకు చేరితే మర్నాడు పేపర్లో పడుతుంది. బస్సు తప్పితే ఆ వార్త ఎల్లుండికి పోతుంది. ఎల్లుండి వార్తను డెస్కువాళ్లు వార్త అనరు.

బోర్డు మీద మూడూ నలభై అని ఉన్నా బస్సు నాలుగింటికి గానీ కదిలేది కాదు. ఎమర్జెన్సీ వచ్చిన వారం నుంచి సరిగ్గా మూడూ నలభైకి కదిలింది. మొదటి రోజు నాకు బస్సు తప్పిపోయింది. డెబ్బై ఏడు ఎన్నికల తర్వాత మళ్లీ నాలుగింటికి మారింది. దేశంలో ఆ రెండు మలుపుల గురించి పుస్తకాలు వచ్చాయి. మా బస్టాండులో తెలిసింది మాత్రం ఆ ఇరవై నిమిషాలే.

సభలు, ప్రారంభోత్సవాలు, సన్మానాలు అన్నీ సాయంత్రం అయిదు తర్వాతే జరుగుతాయి. బస్సు మాత్రం అంతకు ముందే పోతుంది. కాబట్టి మేము మధ్యాహ్నం రెండింటికి కూర్చుని సాయంత్రం జరగబోయేదాన్ని జరిగినట్టుగా రాసేవాళ్లం. ‘సభికులు కరతాళ ధ్వనులు చేశారు’ అని భోజనం చేసి రాసేవాణ్ని. ఇరవై ఆరేళ్లలో నా సభికులు ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టడం మానలేదు. ఒకసారి రావలసిన మంత్రి రానేలేదు. ఆయన ప్రసంగం మర్నాడు పేపర్లో వచ్చింది. కొన్నాళ్లకు కనబడినప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచి, ఆ ప్రసంగం బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. మా ఊర్లో ఇంకో పేపరు విలేకరి టైపు ఇన్‌స్టిట్యూటు నడిపేవాడు. పేపర్లలో మేమిద్దరం పోటీదారులం. ఊర్లో మిత్రులం. దూరపు ఊళ్లకు ఇద్దరూ పోవడం దండగ కదా అని వంతులు పెట్టుకున్నాం. ఒక వారం అతను పోయి వస్తాడు, ఇద్దరం రాస్తాం. మరుసటి వారం నా వంతు. వాక్యాలు మార్చేవాళ్లం గానీ సంగతి ఒకటే. రెండు పేపర్లలో ఒకే మాట వచ్చిందంటే జనం, ‘నిజమే ఉంటుంది’ అనుకునేవారు.

ఎనభై నాలుగు జనవరిలో గ్రామ కరణాల, మునసబుల ఉద్యోగాలు రద్దయ్యాయి. తరతరాలుగా తండ్రి తర్వాత కొడుకు చేస్తూ వచ్చిన కొలువు ఒక్క ఉత్తర్వుతో పోయింది. ఊరి భూముల లెక్కలన్నీ కరణం ఇంట్లోనే ఉండేవి. ఎవరి చేను ఎంత, ఎవరు సాగు చేశారు, ఏ ఏడు ఏ పంట వేశారు అని ఏటేటా రాసే పుస్తకాన్ని అడంగల్ అంటారు. అలాంటి పుస్తకాలన్నీ ఎర్రగుడ్డలో కట్టిన మూటలుగా ఉండేవి. ఆ మూటనే దఫ్తరం అనేవారు. తాలూకా తహశీల్దార్లు జీపుల్లో ఊరూరా తిరిగి ఆ దఫ్తరాలను స్వాధీనం చేసుకోవాలని ఆదేశాలు వచ్చాయి.

ఆ మార్పు రావలసిందేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కలం ఒక ఇంటి సొత్తుగా ఉండకూడదు. నేను చెప్పబోయే దాన్ని ఎవరూ పాతకాలమే బాగుండేదని అర్థం చేసుకోకూడదు.

మా తాలూకాలో పెద్ద ఊరికి జీపు పోయే రోజు నా వంతు. ఊరు పదకొండు మైళ్లు. పొద్దున్నే ఆఫీసుకు పోతే తహశీల్దారు చెప్పాడు: "సాయంత్రం నాలుగున్నరకు బయల్దేరుతాము. మీరూ రండి, జీపులో చోటుండాది." బస్సు సంగతి ఆయనకు తెలియదు. సీనియర్ గుమాస్తా దగ్గర పాత జాబితా చూసి అరవై నాలుగు దఫ్తరాలని రాసుకున్నాను. రెండింటికి ఇంటికొచ్చి అన్నం తిని వార్త రాశాను. ‘చరిత్ర మలుపు తిరిగిన వేళ’ అని మకుటం పెట్టాను. మాజీ కరణం అరవై నాలుగు దఫ్తరాలను తహశీల్దారుకు అప్పగించారనీ, గ్రామస్తులు టపాకాయలు కాల్చి హర్షం వెలిబుచ్చారనీ రాశాను. మిత్రుడికి ఇన్‌స్టిట్యూటులో చదివి వినిపించాను.

"టపాకాయలు ఉంటాయంటావా?" అన్నాడు.

"ఇన్నేళ్ల పెత్తనం పోతాంటే కాల్చకుండా ఉంటారా?"

అతను కొంచెం ఆలోచించి తన వార్తలో ‘బాణసంచా’ అని టైపు చేసుకున్నాడు.

కవర్లు బస్సెక్కాయి. నాలుగున్నరకు నేను ఆఫీసుకు పోలేదు. రాసేసిన వార్తను చూడడానికి పదకొండు మైళ్లు ఎందుకు పోవాలి? మర్నాడు రెండు పేపర్లలోనూ పడింది. మా పేపర్లో చుట్టూ గీతలు గీసి బాక్సు కట్టారు. నా ఉద్యోగంలో నాకు వచ్చిన బాక్సులు ఏడు. అందులో అది పెద్దది.

ఏడాది గడిచింది. ఎనభై అయిదు మొదట్లో ఒకరోజు పొద్దున ఒకామె మా ఇంటికొచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. కూర్చోమంటే కూర్చోలేదు. కొంగుముడి విప్పి మడతలు పడిన పేపరు ముక్క తీసింది. బాక్సు.

"ఇది నువ్వు రాసిందేనంట గదా?"

"అవునక్కా. నీకు యాడ దొరికింది?"

"మా బడి అయివారు దాచిపెట్టుకునింటే కత్తిరించకొచ్చినా. మా ఊరు పేపర్లో పడింది అదొక్కసారేనంట. సదువు, ఏముండాదో ఇంటా."

చదివాను. ఆమె నిలబడే విన్నది.

"అరవై నాలుగు అని రాసినావు. ఎంచినావా?"

"ఆఫీసులో చెప్పినారక్కా."

"ఆడ ఉండినావా నువ్వు?"

నేను విలేకరులు ఎలా పనిచేస్తారో చెప్పబోయాను. విశ్వసనీయ వర్గాలనే మాట కూడా వాడాను.

"నేనుండినా," అంది ఆమె. "మద్యానం కాడ్నుంచి పొద్దు గూకేదాంకా ఆ కరణం సామి అరుగు మీదనే కుచ్చోనుంటి. నిన్ను సూల్లేదే."

అప్పుడు విషయం చెప్పింది. డెబ్బైల మొదట్లో ఆమె భర్తకు ప్రభుత్వం గుట్ట కింద అయిదెకరాలు పట్టా ఇచ్చింది. పట్టా కాగితం ఒక ఏడు ఇల్లు కారి నానిపోయింది. మా జిల్లాలో వాన వల్ల నష్టపోయిన మనిషిని నేను చూసింది అరుదు. ఎనభై మూడు చివర్లో భర్త చనిపోయాడు. భూమిని తన పేరుకు మార్పించుకుందామని ఆమె కరణం దగ్గరికి పోయింది. పోయిన రోజు నా చరిత్ర మలుపు తిరిగిన రోజే. కరణం ఆమెతో, "పొద్దున్నే నా కలం పీకేసినారమ్మా, నేనేం రాసినా ఇంక చెల్లదు" అన్నాడట. ఇంతదూరం వచ్చాను కదా, వచ్చే పెద్దాయన్నే అడుగుదామని ఆమె అరుగు మీద కూర్చుంది.

జీపు ఆరింటికి వచ్చింది. చీకటి పడేలోగా పోవాలని తొందర. కింద గదిలో ఉన్న మూటలన్నీ వేశారు. పాత సంవత్సరాల మూటలు మూడు వంటింటి అటక మీద ఉండిపోయాయి. దించడానికి నిచ్చెన లేదు. ఊర్లో ఉన్న ఒక్క పొడుగు నిచ్చెన జెండా పండగకని బడికి సున్నం కొట్టడానికి పోయింది.

"మల్ల పంపిస్తాములే అనిరి," అంది ఆమె. "పోతిరి. ఇంగ రాల్లేదు."

ఆమె భర్త పేరు మొదటిసారి ఎక్కిన అడంగల్ ఆ మూడు మూటల్లోనే ఎక్కడో ఉంది. ఆఫీసుకు పోయి అడిగితే, తర్వాతి ఏళ్లలో పేరుంటే చాలదు, పట్టా ఎక్కిన మొదటి ఏటి అడంగల్ కావాలి, అది మాకు ముట్టిన దఫ్తరాల్లో లేదన్నారు. అటక మీద ఉన్నాయంటే నమ్మలేదు. అరవై నాలుగుకు అరవై నాలుగూ వచ్చినట్టు రసీదు ఉంది. పక్క చేను పెద్దరైతు ఈ సందులో గుట్ట కింది అయిదెకరాలూ తన కాడి కిందికి తీసుకుని చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేశాడు. దఫ్తరాలన్నీ ముట్టాయనడానికి సాక్ష్యంగా ఆఫీసులో రెండు పేపర్ల ముక్కలూ దాఖలు చేశాడు.

"పోయినేడు ఆ సేన్లో కలుపు తీసేదానికి కూలికి పిలిచినారు," అంది. "పోయినా. నా సేన్లో నేనే కూలికి పోతి. ఇంగా వారానికి ఇచారణ ఉండాది. నువ్వొచ్చి, అరవై నాలుగు నేను సూల్లేదు అని చెప్పు. అంతే."

రసీదు సంగతి నాకు అర్థం కాలేదు. ఆఫీసుకు పోయి సీనియర్ గుమాస్తాను అడిగాను. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఆ సాయంత్రం చీకట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. మర్నాడు రసీదు టైపు చేయాల్సి వస్తే అంకె కావాలి. అప్పుడే పేపరు వచ్చింది. అందులో అరవై నాలుగు అని ఉంది.

"నేను ఆ అంకె మీ జాబితాలోనే కదా సార్ చూసి రాసింది," అన్నాను.

"మీరు ఆడికి పోయి ఎంచుకొని వచ్చినారు అనుకుంటిమి," అన్నాడు. "రెండు పేపర్లలో పడె గదా."

ఆఫీసు నన్ను చూసి రాసింది. నేను ఆఫీసును చూసి రాశాను. మిత్రుడు నన్ను చూసి రాశాడు. మూటలను ఎవరూ చూడలేదు.

మరునాడు ఆమెతో కలిసి ఆ ఊరికి పోయాను. వార్త రాసిన ఏడాదికి మొదటిసారి ఆ అరుగు చూశాను. మాజీ కరణం అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు.

"రాండి రిపోర్టరుగారూ," అన్నాడు. "కొంచెం ఆలస్యమైనట్టుండాదే."

నేను దఫ్తరాల సంగతి ఎత్తాను. ఆయన లోపలికి పోయి ఒక ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టాడు. జీపు పోయిన పదో రోజునే ఆయన ఆఫీసుకు కార్డు రాశాడట: మూడు దఫ్తరాలు మా అటక మీద ఉన్నాయి, ఒక మనిషిని, ఒక నిచ్చెనను పంపగలరు అని. దానికి వచ్చిన జవాబు ఇది. మొదటి వాక్యంలో అరవై నాలుగు దఫ్తరాలూ ముట్టినందున మీ వద్ద ఉన్నవి ప్రభుత్వ రికార్డులు కావని ఉంది. రెండో వాక్యంలో ప్రభుత్వ రికార్డులను వద్ద ఉంచుకొనుట నేరమని ఉంది.

"దించితే నేను దొంగ," అన్నాడు ఆయన. "దించకపోతే చెదలు. మా తాతల కాలం నుంచి ఈ ఇంట్లో ఒక్క కాగితం పోయింది లేదు సార్. మీ పేపర్లోనే పోయినాయి."

ఆమె అరుగు కింద నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూసి, "ఈయమ్మ మొగుని పేరు నా చేత్తోనే ఎక్కించినా. ఏ పేజీలో ఉండాదో కండ్లు మూసుకొని చెప్తా. కానీ ఎవురికి చెప్పల్ల? వాళ్లు ఆ మూటలు లేవంటారు," అన్నాడు.

నేను గడపలో నిలబడి వంటింటి వైపు తలెత్తి చూశాను. అటక మీద, ఊరగాయ జాడీల వెనక, మూడు ఎర్ర మూటలు కనబడుతున్నాయి.

తిరిగొచ్చి డెస్కుకు ఉత్తరం రాశాను, ఒక సవరణ వేయమని. జవాబు తొందరగానే వచ్చింది. ‘ఆ వార్త బాక్సులో వేసినాము. ఏడాది తర్వాత బాక్సుకు సవరణ వేయు ఆచారం లేదు.’

ఇక మిత్రుడికి చెప్పాలి. అతను టైపు మిషన్ల మధ్య కూర్చుని అంతా విన్నాడు.

"నువ్వు పోతావనే గదప్పా నీ వంతు ఇచ్చింది," అన్నాడు.

"తప్పే."

"ఇప్పుడు ఆడ చెప్తావా?"

"చెప్పల్ల."

"నీది సులభం. నువ్వు సూల్లేదని చెప్తావు, అంతే. నేను, నువ్వు సూడకుండా రాసిందాన్ని నమ్మి రాసినా అని చెప్పల్ల. వినేవాడు నగుతాడు." మిషనులో కాగితం ఎక్కిస్తూ మళ్లీ అన్నాడు: "సరే పో. ఆయమ్మ కలుపు తీసిన మాట చెప్పకుండా ఉండింటే నేను వద్దనేవాణ్ని."

విచారణ రోజు తాలూకా ఆఫీసు వరండా నిండా మనుషులున్నారు. తాలూకాలు పోయి మండలాలు వస్తాయని అప్పటికే వినబడుతోంది. రేపు ఈ ఆఫీసే ఉండదు కదా, ఉన్న ఫైళ్లు మూసేద్దామని కొత్త తహశీల్దారు తొందరలో ఉన్నాడు. ఒక మలుపులో పోయిన మూటలు ఇంకో మలుపు వస్తే అటక మీదే ఉండిపోతాయి. ఆమెకు అది ఆఖరి వాయిదా.

నా వంతు వచ్చింది. తహశీల్దారు రెండు పేపరు ముక్కలూ ముందు పెట్టుకున్నాడు.

"ఇది మీరు రాసినదేనా?"

"నేనే సార్."

"దఫ్తరాలు అప్పగించేటప్పుడు మీరు ఆడ ఉండినారా?"

"లేను సార్. జీపు నాలుగున్నరకు. మా బస్సు మూడూ నలభైకి."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అంటే జరగక ముందే జరిగిందని రాసినారా?"

"అవును సార్. జరుగుతాదని అందరూ అనిరి."

రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపాడు. ఇది రాయాలా వద్దా అన్నట్టు తహశీల్దారు వైపు చూశాడు. "రాయి," అన్నాడు తహశీల్దారు. ముక్కలో ఇంకా కిందికి చదివాడు. "మరి ఈ టపాకాయలు?"

"అవీ ముందే సార్."

వెనక నుంచి ఆమె అంది: "టపాకాయలు ఎవురు కాలుస్తారు సామీ. ఊరంతా కరువు పనికి పోయి రోడ్డు కంకర కొడతాండె. ఆ పొద్దు ఊర్లో ఉండింది నేను, కరణం సామి, ఇద్దరు ముసలోళ్లు."

వరండాలో ఎవరో నవ్వారు. పెద్దరైతు తరఫున వచ్చినాయన, రెండో పేపర్లో కూడా అదే ఉంది కదా అన్నాడు. మిత్రుడు లేచి నిలబడ్డాడు. తాను రాసింది నన్ను నమ్మి అని చెప్పాడు. "బాణసంచా?" అని అడిగాడు తహశీల్దారు. "టపాకాయలను నేను అట్ల మార్చుకుంటి సార్," అన్నాడు మిత్రుడు. ఈసారి అందరూ నవ్వారు. నవ్వనివాళ్లం మేమిద్దరం, ఆమె.

తహశీల్దారు రసీదు చూశాడు, ముక్కలు చూశాడు, గోడ గడియారం చూశాడు. విచారణ అక్కడికి ఆపి, జీపు తీయమన్నాడు. డ్రైవరు స్టార్టు చేసిన తర్వాత మళ్లీ ఆపించి, గుమాస్తాతో ఒక మాట అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో ఒక అధికారి నోటి నుంచి నేను విన్న మంచి మాటల్లో అదొకటి. "ఒక నిచ్చెన కట్టుకోండయ్యా."

నిచ్చెన జీపు కంటే పొడుగు. వెనక ఒకరు పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. అది నేనే పట్టుకున్నాను. బస్టాండు ముందు నుంచి పోతుంటే మూడూ నలభై బస్సు నిలబడి ఉంది. కండక్టరు నన్ను చూసి, "అన్నా, కవరు?" అని కేకేశాడు. ఈరోజు లేదని చెయ్యి ఊపాను.

మూటలు దించారు. గుమాస్తా పెద్దగా ఎంచాడు: ఒకటి, రెండు, మూడు. మాజీ కరణం ఎంచడం చూస్తూ కూర్చున్నాడు. మొదటి మూట అంచులు చెదలు తిన్నాయి. రెండోది విప్పి ఆయన చెప్పిన పేజీ తీశారు. ఆమె భర్త పేరు ఉంది. సాగుదారు గడిలో కూడా అతనే. పంట: కొర్ర.

తహశీల్దారు చూస్తుండగా ఆ తర్వాతి ఏళ్ల పేజీలు నేనూ తిరగేశాను. మొదటి ఏడు ఊరంతా కొర్ర, జొన్న, ఆరిక, ఉలవ. ఒక ఏడు పేజీ కింద ఒకరిద్దరు చెనిక్కాయ. మరో ఏడు అయిదారుగురు. ఆ దఫ్తరం చివరికొచ్చేసరికి పంట గడి నిలువునా ఒకటే మాట, చెనిక్కాయ, చెనిక్కాయ, కింద ‘అదే’ అన్న గుర్తు. ఒక జిల్లా తినే పంట మానేసి అమ్మే పంటకు మారిపోయింది. వాన తప్పిన ఏడు ఇంట్లో గింజ ఉండదనే సంగతి ఆ గడిలోనే ఉంది. ఇంతకంటే పెద్ద మలుపు మా జిల్లాలో నా కాలంలో జరగలేదు. ఆ ఏళ్లన్నీ నేను అక్కడే విలేకరిని. దాని మీద ఒక్క వార్త రాయలేదు. దానికి ప్రారంభోత్సవం లేదు, జీపు రాలేదు, ఏ రోజున జరిగిందో చెప్పడానికి లేదు. కరణం మాత్రం ఏటేటా చేను గట్టు మీద నిలబడి చూసి రాశాడు. పోవలసిన కొలువే. కానీ ఆ కొలువులో చూసి రాసే అలవాటు ఒకటి ఉండేది. దాన్ని అప్పగింత జాబితాలో ఎవరూ చేర్చలేదు.

ఇప్పుడు మళ్లీ పాతవి పోయి కొత్తవి వస్తున్నాయి. కాగితాలన్నీ కంప్యూటర్లోకి పోతున్నాయి. అందరూ ముందే రాసేస్తున్నారు, కొందరు టపాకాయలతో, కొందరు శోకాలతో. చరిత్ర నుంచి నేను నేర్చుకున్నది కొంచెమే. పెద్ద మార్పు వచ్చిన రోజు ఎవరో ఒక మనిషి చిన్న పని మీద వచ్చి అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఏం జరిగిందో ఆమెను అడగాలి. అడగడానికి మర్నాడు పోయినా ఫరవాలేదు.

ఆ రోజు జీపులో మాతోనే వచ్చిన ఆమె, భర్త పేరున్న ఆ పేజీ తనకు చూపించమంది. గుమాస్తా భర్త పేరు మీద వేలు పెట్టి చూపాడు. ఆమె దగ్గరికి వంగి చూసింది.

"ఇదేనా?"

"ఇదే."

"నా పేరు యాడ?"

ఆమె పేరు లేదు. పోయినేడు రాయించుకోవడానికి వచ్చింది అదే కదా. తహశీల్దారు కుర్చీ అరుగు మీదికి వేయించుకుని, అక్కడే వాంగ్మూలం తీసుకుని, పేరు మార్పుకు ఉత్తర్వు రాశాడు. కొన్ని వారాల్లో మండలాలు వచ్చాయి, ఆ తాలూకా ఆఫీసు బోర్డు దించేశారు. ఆ లోపలే గుట్ట కింది అయిదెకరాలు ఆమె పేరున ఎక్కాయి. పెద్దరైతు అప్పీలుకు పోతానని అన్నాడు గానీ, ఏ ఆఫీసుకు పోవాలో తెలిసేసరికి తొలకరి వచ్చింది, ఆమె విత్తేసింది.

మిత్రుణ్ని అతని పేపరు తీసేసింది. నన్ను సంజాయిషీ అడిగి ఊరుకున్నారు. నన్ను తీసేస్తే నా స్థానంలో పెట్టుకోవడానికి మా ఊర్లో వార్త రాయగలిగినవాడు మరొకడే ఉన్నాడు. అతను అప్పుడే అదే కారణానికి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అది నా తప్పుకు అతను పడిన శిక్ష. ఆ మాట అతనితో చాలాసార్లు అన్నాను. అతను ఎప్పుడూ కాదనలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు, నేను ఎక్కడికైనా పోయి వచ్చి ఏదైనా చెప్పబోతే, టైపు మిషను మీద నుంచి తలెత్తకుండా ఒకటే అడిగేవాడు: "ఆడ ఉండినావా?" ఉంటేనే చెప్పేవాణ్ని.

నిచ్చెన రోజు వార్తను జరిగిన తర్వాత రాశాను. మర్నాటి బస్సులో పంపాను. నాలుగో రోజు లోపలి పేజీలో, వేరుశనగ ధరల కింద, మూడు వాక్యాలు పడ్డాయి. ఆ పేపరు పట్టుకుని ఆమె ఊరికి పోయాను. చేనులో ఉందంటే అక్కడికే పోయాను. గట్టు మీద నిలబడి చదివాను. చదవడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

"అంతేనా?" అంది.

"అంతేనక్కా."

పేపరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగుముడిలో పాత బాక్సు ఇంకా ఉన్నట్టుంది, తీసి పక్కన పెట్టి రెండూ కొలిచినట్టు చూసింది.

"ఆడ లేనప్పుడు ఇంత రాసినావు," అంది. "ఆడ ఉండినప్పుడు ఇంతేనా అప్పా?"